స్వచ్ఛంద సేవకుల సమీకరణ, పోషణ: కృష్ణా డెల్టా అనుభవాల పరిశీలన

వ్యాససంగ్రహం:

లాభాపేక్ష లేని సంస్థలకు సేవకులు ఎలా దొరుకుతారు, దొరికినవారు ఎంతకాలం నిలుస్తారు అన్న ప్రశ్నలను మన విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా సామాజిక సేవాశాస్త్రానికి వదిలివేస్తున్నారు. తెలుగు అధ్యయనానికి కూడా ఇందులో చెప్పవలసింది ఉంది. సేవను సూచించే మన మాటల చరిత్రలో, కృష్ణా డెల్టాలో నడిచిన ఉద్యమాల చరిత్రలో ఈ ప్రశ్నలకు కొన్ని సమాధానాలు ఉన్నాయి. రామదండు, గ్రంథాలయోద్యమం, 1977 దివిసీమ ఉప్పెన, 2024 బుడమేరు వరద అనే నాలుగు సందర్భాల ఆధారంగా సేవకులను పిలవడం, పనిలో నిలుపుకోవడం, కాపాడుకోవడం అనే అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కళాశాలల్లో జాతీయ సేవా పథకం బాధ్యతలు చూస్తున్న అధ్యాపకులకు సంబంధించిన విషయాలు కూడా ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: స్వచ్ఛంద సేవ, వాలంటీరు, వెట్టి, రామదండు, గ్రంథాలయోద్యమం, దివిసీమ, బుడమేరు, ఇబ్రహీంపట్నం.

1. ఉపోద్ఘాతం:

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం పరిసరాలను ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి, ఇబ్రహీంపట్నం వైపుగా తెచ్చి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపడానికి మళ్లింపు కాలువ ఉంది. నది నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీటిని నది తీసుకోలేదు. కొండపల్లి శాంతినగర్ దగ్గర కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం సాయం కూడా అవసరమైంది.

ఆ రోజుల్లో సాయం చేయడానికి వచ్చినవారికి కొదవ లేదు. యువజన సంఘాలు, మత సంస్థలు, ఉద్యోగ సంఘాలు, అభిమాన సంఘాలు, కళాశాల విద్యార్థులు పులిహోర పొట్లాలతో, మంచినీళ్ల సీసాలతో, పాల ప్యాకెట్లతో వచ్చారు. బండి వెళ్లగలిగిన వీధి మొదట్లోనే పొట్లాలు చాలావరకు అయిపోయేవి. నడుము లోతు నీళ్లలో ఉన్న లోపలి వీధులకు చేర్చడం చాలా కష్టమైంది. ఏ సందులో మంచం పట్టిన వృద్ధులు ఉన్నారో, ఏ ఇంట్లో బాలింత ఉందో తెలిసినవారి అవసరం అప్పుడు తెలిసింది. కొన్ని నెలలు గడిచాక అవే వీధుల్లో సాయంకాలపు పాఠం చెప్పడానికి, ఒంటరి వృద్ధులను వారానికొకసారి పలకరించడానికి మనిషి కావాలంటే దొరకడం లేదు. విపత్తులో వందల మంది, మామూలు రోజుల్లో ఒక్కరూ లేకపోవడం ఎందుకు? ఈ వ్యాసంలో వివరించదలచిన విషయం ఇదే.

2. మాట వెనుక చరిత్ర:

'స్వచ్ఛందం' అన్న మాటలో 'ఛందం' అంటే ఇష్టం, కోరిక. తన ఇష్టం చొప్పున నడిచేది స్వచ్ఛందం. పద్యాల గణాలు నేర్పేవారికి ఈ 'ఛందం' వేరే అర్థంలో పరిచయమే గానీ, ఇక్కడ నియమం కంటే ఇచ్ఛ ప్రధానం. పూర్వ వాఙ్మయంలో 'స్వచ్ఛందచారి' అన్నది కొన్ని చోట్ల మెప్పుగానూ, కొన్ని చోట్ల అదుపు లేనివాడన్న నిందగానూ వినిపిస్తుంది. ఈ రెండో అర్థపు నీడ నేటికీ పోలేదు. జీతం లేనివాణ్ణి వేళకు రమ్మని ఎలా అడుగుతామని మొహమాటపడే నిర్వాహకులు ఎందరో ఉన్నారు. మరొక చిక్కు లిపిలో ఉంది. 'స్వచ్చంద' అని ఒత్తు మార్చి రాయడం, 'స్వచ్ఛ' అన్న మాటతో ముడిపెట్టడం ఎంత సాధారణమైపోయిందంటే, స్వచ్ఛంద సేవ అనగానే చీపుళ్లు పట్టుకున్న ఫోటో గుర్తుకువస్తోంది.

జీతం లేని పనికి ఈ నేలమీద అంతకన్నా పాత పేరు 'వెట్టి'. సంస్కృత 'విష్టి' నుంచి వచ్చిందని చెప్పే ఈ మాట బలవంతపు చాకిరీని సూచిస్తుంది. మద్రాసు రాష్ట్రంలో చెరువుల, కాలువల మరమ్మతుకు గ్రామస్థులు శ్రమనివ్వడం 'కుడిమరామత్తు'. మొదట ఆచారంగా ఉన్న ఈ పద్ధతికి 1858 నాటి నిర్బంధ శ్రమ చట్టం తోడైంది. కట్ట తెగే ప్రమాదం ఉన్నప్పుడు చుట్టుపక్కల శ్రమజీవులను పనికి రప్పించే అధికారం ఆ చట్టం అధికారులకు ఇచ్చింది. కృష్ణకు బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి అప్పటికి మూడేళ్లే. అంటే డెల్టాలో గండి పూడ్చే పనికి రావడం అన్నది చాలాకాలం ఇష్టానికి సంబంధించిన విషయం కాదు. ఆ రోజుల్లో ఎవరి భుజాల మీద మట్టితట్ట పడిందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఆ తరువాత వినోబా భావే ప్రభావంతో 'శ్రమదానం' అన్న గౌరవవాచకం ప్రచారంలోకి వచ్చింది. అదే మట్టి, అదే తట్ట. ఇచ్చేవాడి ఇష్టం చేరగానే అది దానమైంది. అందుకే ఇష్టం అన్నది లేకుండా చూసుకుంటే శ్రమదానానికీ వెట్టికీ మధ్య మిగిలే తేడా స్వల్పం.

'వాలంటీరు' జాతీయోద్యమం ద్వారా తెలుగు పల్లెలకు చేరిన మాట. కాంగ్రెసు సభల్లో పందిళ్ల దగ్గర నిలబడిన యువకులు వాలంటీర్లు. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ వాలంటీర్ల వ్యవస్థను ప్రారంభించాక ఈ మాట అర్థం మారిపోయింది. గ్రామాల్లో సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, నెల మొదటి తేదీన పింఛను ఇంటికి తెచ్చివ్వడం అన్న చిత్రం స్థిరపడింది. ఆ వ్యవస్థ మంచిచెడ్డలు రాజకీయ శాస్త్రజ్ఞులు తేల్చవలసినవి. భాష వైపునుంచి చూస్తే మాత్రం అర్థసంకోచానికి ఇంతకంటే స్పష్టమైన సమకాలీన ఉదాహరణ దొరకడం కష్టం. ఒక సంస్థ పల్లెలో "మాకు వాలంటీర్లు కావాలి" అని ప్రకటిస్తే "నెలకెంత ఇస్తారు?" అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అడిగినవారిలో స్వార్థాన్ని వెతకనవసరం లేదు. వారు తమకు తెలిసిన అర్థంలోనే ఆ మాటను వాడుతున్నారు. కనుక పిలుపులో మాటను ఎంచుకోవడం మొదటి పని. 'చదువు చెప్పే అక్కలు కావాలి', 'వారానికి ఒక సాయంత్రం ఆసుపత్రిలో తోడుండేవారు కావాలి' అని పనిని పేరుగా పెడితే ఈ అస్పష్టత తొలగుతుంది.

3. రామదండు: పిలుపు బలం, దాని పరిమితి:

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాల–పేరాల ఉద్యమ కాలంలో నిర్మించిన రామదండు ఆంధ్రదేశంలో క్రమశిక్షణ గల సేవకదళానికి తొలి ఉదాహరణల్లో ఒకటి. సుమారు వెయ్యిమంది ఉన్న ఈ దళం 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలకు తరలివచ్చిన జనసందోహాన్ని అదుపు చేయడంలో పాలుపంచుకొంది. గోపాలకృష్ణయ్య ప్రతిభ పేరు పెట్టడంలోనే కనిపిస్తుంది. రామాయణం తెలియని పల్లె లేదు. వారధి కట్టిన వానరసేనలో చేరడమంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. ఉడుత తెచ్చిన ఇసుకకు కూడా అందులో చోటుంది. 'ఉడుతాభక్తి' అన్న నుడికారం తెలుగులో చిన్న సాయానికి సంకోచం లేకుండా చేసింది. నేటి సంస్థల ప్రకటనల్లో కనిపించే అనువాదపు నినాదాల పక్కన పెట్టి చూస్తే ఈ పేరులోని సూటిదనం తెలుస్తుంది.

పరిమితి కూడా అక్కడే ఉంది. రామదండు ఒక నాయకుడి వ్యక్తిత్వం చుట్టూ అల్లుకున్నది. పురపాలక పన్నులకు నిరసనగా ఊరు విడిచి రామనగరులో పాకలు వేసుకొన్న చీరాల–పేరాల ప్రజలు నెలల తరబడి నిలబడ్డారు. గోపాలకృష్ణయ్య జైలుపాలయ్యాక ఉద్యమం సడలింది, దళమూ చెదిరింది. పిలిచిన మనిషి లేకపోతే పనిని ఎవరు నడపాలన్న ఏర్పాటు అందులో లేదు. నేటి చిన్న సంస్థల్లోనూ ఇదే జరుగుతోంది. వ్యవస్థాపకుడి ఫోను మోగినంతకాలమే సేవకులు ఉంటారు.

1923 కాకినాడ కాంగ్రెసు నాటి ఒక సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద సేవకురాలిగా నిలబడిన బాలిక దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన ఉదంతం ప్రసిద్ధం. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చాకే ఆమె లోపలికి పంపింది. ఆ బాలిక ధైర్యాన్ని చెప్పడానికి ఈ కథను వాడతారు. నిర్వాహకుల పాత్ర కూడా గమనార్హం. వారు ఆమెను పక్కకు నెట్టలేదు, నియమాన్ని పాటించారు. పనితో పాటు అధికారాన్ని కూడా అప్పగించినప్పుడే సేవకుడు ఆ పనిని తనదిగా భావిస్తాడు. ఆ దుర్గాబాయే 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది.

4. గ్రంథాలయ సేవకులు:

పై ఉదాహరణల కంటే నెమ్మదిగా సాగి, ఎక్కువ కాలం నిలిచినది గ్రంథాలయోద్యమం. విజయవాడలోని రామమోహన గ్రంథాలయం వేదికగా 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అప్పుడే ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దాని ప్రాణశక్తి. దేశంలో ఒక ప్రాంతపు గ్రంథాలయాలన్నీ కలిసి సంఘంగా ఏర్పడడం అదే మొదలని చరిత్రకారులు చెబుతారు.

ఈ ఉద్యమంలో జీతగాళ్లు దాదాపు లేరు. ఊరి బడిపంతులు, తపాలా ఉద్యోగి, చదువుకున్న రైతుబిడ్డ, చిన్న వర్తకుడు గ్రంథాలయ సేవకులు. వారు ఏళ్లతరబడి ఎందుకు నిలిచారన్న దానికి నాకు నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి. అన్నీ సమానమైనవి కావు.

మొదటిది, పని చిన్నది, హద్దులు తెలిసినది. సాయంత్రం రెండు గంటలు తలుపు తీయడం, దీపం వెలిగించడం, పత్రిక పైకి చదివి చదువురానివారికి వినిపించడం, ఇచ్చిన పుస్తకం చిట్టాలో రాయడం. దేశాన్ని ఉద్ధరించమని ఎవరూ అడగలేదు. రెండు గంటలు అడిగారు. దేశం సంగతి ఆ రెండు గంటల వెనుక ఉండేది.

రెండవది అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఊరూరా ఒంటరిగా పనిచేస్తున్న ఈ మనుషులను ఒకరికొకరిని చూపించే ఏర్పాటు ఉండేది. 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక ఏ ఊళ్లో ఏ పుస్తకశాల పెట్టారో అచ్చు వేసేది. గ్రంథాలయ యాత్రల పేరిట కార్యకర్తలు జట్లుగా పల్లెలు తిరిగేవారు. వారు వచ్చినరోజు ఊరి గ్రంథాలయానికి పండుగ. కొత్త గ్రంథాలయం పెట్టించడానికి ఎంత ఉపయోగపడ్డాయో, పాతదాన్ని నడుపుతున్నవాడి మనసు నిలబెట్టడానికి కూడా ఈ యాత్రలు అంతే ఉపయోగపడ్డాయి. సేవకుణ్ణి పోషించడం అంటే మొదట అతని దగ్గరకు వెళ్లడం. నేడు దీనికి బదులు వాట్సాప్ సమూహంలో రోజూ వచ్చే శుభోదయాలు మిగిలాయి.

మూడవది శిక్షణ. పుస్తకాలను వర్గీకరించడం, పట్టికలు రాయడం నేర్పడానికి సంఘం తరగతులు నడిపింది. తరువాతి తరంలో పాతూరి నాగభూషణం ఈ దారినే విస్తరించి విజయవాడలో గ్రంథాలయ శాస్త్ర శిక్షణకు పాఠశాల ఏర్పరచారు. సేవకుడికి పనితనం నేర్పితే అది అతనికి మిగిలే ఆస్తి.

నాలుగవది, స్థలానికి తగిన ఉపాయం. పాతూరి వారి స్వగ్రామం పెదపాలెం కేంద్రంగా 1935లో పడవ గ్రంథాలయం మొదలైంది. డెల్టాలో కాలువే రహదారి. పడవ ప్రయాణం నెమ్మది, ప్రయాణికుడికి తీరిక ఎక్కువ. చదువరి ఎక్కడున్నాడో అక్కడికే పుస్తకం వెళ్లింది. దీన్ని కొత్త ఆవిష్కరణగా పొగడడం కంటే, కాలువ మీద నడిచే జీవితం బాగా తెలిసినవాడి తెలివిగా చూడడం సరి.

1948 మద్రాసు చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాక గ్రంథాలయ పన్ను, జిల్లా గ్రంథాలయ సంస్థలు, జీతం తీసుకునే ఉద్యోగులు ఏర్పడ్డారు. ఉద్యమం కోరుకున్నదే అది. అయితే స్వచ్ఛంద సేవకుడికి కొత్త వ్యవస్థలో చోటు ఏదో ఎవరూ నిర్ణయించలేదు. అతను క్రమంగా సన్మానాలకు పిలిచే పెద్దమనిషి అయ్యాడు. ఉద్యోగుల ఖాళీలు భర్తీ కాక శాఖా గ్రంథాలయాలు అరకొరగా నడుస్తున్న నేడు సేవకులు మళ్లీ గుర్తుకు వస్తున్నారు. ఖాళీ పోస్టుకు బదులుగా సేవకుణ్ణి కూర్చోబెట్టడం, కథలు చదివి వినిపించే గంటకు సేవకుణ్ణి పిలవడం ఒకటి కావు. మొదటిది ఒకరి ఉపాధిని తీసివేస్తుంది. రెండవది ఉన్న గ్రంథాలయానికి ప్రాణం పోస్తుంది.

5. ఉప్పెనలో, వరదలో:

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. వేలాదిమంది మరణించారు. మృతుల లెక్క అధికారికంగానే సుమారు పదివేలు. రామకృష్ణ మిషన్ మొదలుకొని నాస్తిక కేంద్రం వరకు, క్రైస్తవ సేవాసంస్థల నుంచి రాష్ట్రీయ స్వయంసేవక సంఘం వరకు పరస్పరం పొసగని విశ్వాసాలు గలవారు ఒకే బురదలో పనిచేశారు. శవాలకు అంత్యక్రియలు చేయడం వారి తొలి పని. ఆ పనికి వచ్చిన పిల్లల వయసు మన డిగ్రీ విద్యార్థుల వయసే. అంతటి దృశ్యం చూసినవారికి తరువాత మాట్లాడుకునే మనిషి కావాలన్న ఆలోచన ఆ కాలంలో లేదు. నేడు ఉంది, కానీ మన సంస్థల ఆచరణలోకి ఇంకా పూర్తిగా రాలేదు. శవాలను మోసిన, కొట్టుకుపోయిన ఇళ్ల ముందు ఏడుస్తున్నవారిని ఓదార్చిన సేవకులను వారం తరువాత కూర్చోబెట్టి మాట్లాడించడం, నిద్రపట్టనివారిని వైద్యుని వద్దకు పంపడం సంస్థ బాధ్యతల్లో చేరాలి.

దివిసీమలో కొన్ని సంస్థలు ఇళ్లు కట్టేవరకు, గ్రామాలు మళ్లీ నిలబడేవరకు ఉన్నాయి. చాలామంది మొదటి పదిహేను రోజుల తరువాత వెళ్లిపోయారు. ఇందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, పదిహేను రోజులకు వచ్చినవారిని ఏడాది పనికి, ఏడాది పనికి తగినవారిని పొట్లాల పంపిణీకి వాడడంలో. విపత్తుల్లో తమంతట తామే వచ్చేవారిని 'అయాచిత సేవకులు' అనుకుందాం. వారి కోసం సంస్థ ముందే చేసి ఉంచవలసిన పని ఒకటుంది. ప్రతి వీధికీ అక్కడే నివసించే ఒక మనిషిని గుర్తించి, ఆ వీధిలో నడవలేనివారు, గర్భిణులు, డయాలసిస్ రోగుల వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయో తెలుసుకొని ఉండడం. 2024లో బయటినుంచి వచ్చిన వందమంది కంటే ఆ వీధి సంగతులు తెలిసిన స్వయం సహాయక సంఘం సభ్యురాలి మాట విలువైనది. సేవకుల సమీకరణ వాన రాకముందు, ఏప్రిల్, మే నెలల్లో చేయవలసిన పని అని దీని అర్థం. ఇబ్రహీంపట్నం, కొండపల్లి ప్రాంతంలో థర్మల్ విద్యుత్కేంద్రం, పరిశ్రమలు ఉన్నందువల్ల ప్రథమ చికిత్స, అగ్నిమాపకం తెలిసిన కార్మికులు ఊళ్లోనే ఉన్నారు. నైపుణ్యం పక్క వీధిలో ఉండగా దాన్ని వెతకకుండా నగరంనుంచి శిక్షకులను పిలవడం మనకు అలవాటు.

వరద నీటిలో పనిచేసేవారికి ధనుర్వాతం టీకా, మోకాళ్లవరకు బూట్లు, చేతి తొడుగులు ఉండాలి. కాళ్లకు పుండ్లు ఉన్నవారిని నీటిలోకి దింపకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే లెప్టోస్పిరోసిస్ విషయంలో వైద్యుల సలహాపై ముందస్తు మందు ఇవ్వవచ్చు. ఇవి లేకుండా విద్యార్థులను నీళ్లలోకి పంపి ఫోటోలు తీయడాన్ని సేవాభావం పెంపొందించడం అనలేం.

6. ఎందుకు వస్తారు, ఎందుకు మానేస్తారు:

అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు క్లారీ, స్నైడర్, వారి సహచరులు 1998లో ప్రచురించిన అధ్యయనం స్వచ్ఛంద సేవకు ఆరు ప్రయోజనాలను గుర్తించింది. నమ్మిన విలువల ఆచరణ, కొత్త విషయాల అవగాహన, స్నేహబృందంతో కలిసి ఉండడం, ఉద్యోగ జీవితానికి మెరుగు, మనసులోని అపరాధభావం నుంచో ఒంటరితనం నుంచో రక్షణ, ఆత్మగౌరవ వృద్ధి. ఒక్కొక్కరిలో వీటి పాళ్లు వేరు. ఎవరు దేనికోసం వచ్చారో దానికి తగిన పని దొరికితే నిలుస్తారన్నది వారి వాదనలోని సారం. ఉద్యోగానికి పనికివస్తుందని వచ్చిన విద్యార్థిని తక్కువగా చూడనవసరం లేదని ఈ సిద్ధాంతం గుర్తు చేస్తుంది.

మన వైపు ఏడవ కారణం ఒకటి చేర్చాలి. అది మొహమాటం. మేనమామ అడిగాడని, మాస్టారు చెప్పారని, కులపెద్ద కబురు పెట్టాడని వచ్చేవారు చాలామంది. పై ఆరింటిలో 'స్నేహబృందం' అన్నదానికి ఇది దగ్గరగా కనిపించినా భిన్నమైనది. మొహమాటంతో వచ్చినవాడు మొహమాటంతోనే వెళ్లిపోతాడు, అంటే రానని చెప్పడు. ఫోను ఎత్తడం మానేస్తాడు. నిర్వాహకుడు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటాడు. ఇద్దరి మధ్య సంబంధం కూడా చెడుతుంది. దీనికి పరిష్కారం పిలుపులోనే 'కాదు' అనడానికి తోవ ఉంచడం. "ఆలోచించి ఆదివారం లోపల చెప్పండి, వీలుకాకపోయినా ఏమీ అనుకోం" అన్న ఒక వాక్యం, మూడు నెలల గడువుతో పనిని అప్పగించడం, గడువు ముగిశాక కొనసాగుతారా అని మళ్లీ అడగడం. గడువు ఉన్న పనికి మనిషి ధైర్యంగా ఒప్పుకొంటాడు.

మానేయడానికి కారణాలు అంతకన్నా సాదాసీదాగా ఉంటాయి. వచ్చిన రోజు పని లేదు. ఎవరిని అడగాలో తెలియలేదు. బస్సు ఛార్జీ తన జేబులోంచి పోయింది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు, చీకటి పడ్డాక ఇంటికి తోడు లేదు. వేదికమీద కుర్చీ ఎవరికి, కింద ఊడ్చే పని ఎవరికి అన్నది కులాన్నిబట్టి నిర్ణయమవుతోందని గమనించాడు. ఈ చివరిది ఎవరూ బయటికి చెప్పరు. పనుల పంపకాన్ని వంతులవారీగా కాగితంమీద రాసిపెట్టే సంస్థలో ఈ ఫిర్యాదుకు అవకాశం తక్కువ.

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఇందుకు విరుద్ధమైన అనుభవం. రాత్రిపూట లాంతరు వెలుగులో పాఠాలు చెప్పిన యువతీయువకులు తమ పని ఫలితాన్ని కళ్లారా చూశారు. చదువుకున్న స్త్రీలు దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రవ్యాప్త సారా వ్యతిరేకోద్యమంగా మారింది. అంతటి ఫలితాన్ని ప్రతి సంస్థా చూపించలేదు. కానీ పాఠం చెప్పిన పిల్లవాడు ఏ తరగతికి వెళ్లాడో, ఇచ్చిన రక్తం ఎవరికి ఉపయోగపడిందో పేరు చెప్పకుండానైనా సేవకుడికి తెలియజేయగలదు.

7. ఖర్చు, రక్షణ, చట్టం:

సేవ ఉచితం అయినా సేవకుడిని ఉంచుకోవడం ఉచితం కాదు. దారిఖర్చు, భోజనం, గుర్తింపు కార్డు, ప్రమాద బీమా సంస్థ లెక్కల్లో ముందే ఉండాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుంచి 70 ఏళ్ల మధ్య బ్యాంకు ఖాతాదారులకు ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా లభిస్తుంది. ఏభైమంది సేవకులకు ఇది వెయ్యి రూపాయల ఖర్చు. ఒక శాలువా, పూలదండ ఖర్చుతో సమానం.

చాలా సంస్థలకు తెలియని చట్టాంశం ఒకటుంది. పనిప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం 'ఉద్యోగి' నిర్వచనంలో స్వచ్ఛందంగా పనిచేసేవారిని కూడా చేర్చింది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. జీతం ఇవ్వడం లేదు కాబట్టి ఈ చట్టం మాకు వర్తించదనే వాదన చెల్లదు. పిల్లలతో పనిచేసే సంస్థలైతే 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారు తప్పనిసరిగా ఫిర్యాదు చేయవలసి ఉంటుందని ప్రతి సేవకుడికీ మొదటి రోజునే చెప్పాలి. పిల్లల దగ్గరకు పంపేముందు సేవకుని గురించి ఇద్దరిని విచారించడం, ఒంటరిగా పంపకపోవడం అవమానం కాదని వివరించాలి.

8. కళాశాల, జాతీయ సేవా పథకం:

గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అన్న చట్రం నేటికీ కొనసాగుతోంది. ఎందరో అధ్యాపకులు బోధనాభారంతోపాటు దీని బాధ్యత మోస్తున్నారు. గంటల లెక్కకు ఒక ప్రయోజనం ఉంది, పేద విద్యార్థి శ్రమ కాగితంమీదికి వస్తుంది. నష్టం కూడా ఉంది. గంటలు నిండడమే పని అయిపోతుంది. శిబిరం ముగిశాక ఆ ఊరు మనకు, మనం ఆ ఊరికి గుర్తుండం. ఏటా ఊరు మార్చే బదులు మూడేళ్లు ఒకే ఊరిని, ఒకే పనిని పట్టుకుంటే సీనియర్లు జూనియర్లకు నేర్పే వరుస ఏర్పడుతుంది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం వద్ద కొత్త ఘాట్‌కు భక్తులు పోటెత్తారు. ఇటువంటి సందర్భాల్లో విద్యార్థులు వృద్ధులకు చేయి అందించడం, తప్పిపోయిన పిల్లలను చేర్చడం సేవ. ఎండలో పన్నెండు గంటలు తాడు పట్టుకొని నిలబడడం ఏమిటి? ఆ పనికి ప్రభుత్వం వద్ద నిధులు ఉండి, మనుషులను కూలికి పెట్టుకోగలిగి ఉంటే, అక్కడ విద్యార్థిని నిలబెట్టడం కుడిమరామత్తు నీడలోకి వెళ్లడమే అవుతుంది. విద్యార్థి 'రాను' అనగలడా, అంటే అంతర్గత మార్కులకు ఏమవుతుందని భయపడుతున్నాడా అన్నది చూడాలి. ఆ ఒక్క ప్రశ్నతో అది ఏ పక్షానిదో తేలిపోతుంది.

9. రాకపోకల కాలం:

డెల్టాలో మనుషుల తీరికకు పంచాంగం ఉంది. జూలై, ఆగస్టులు నాట్లు, మార్చి పరీక్షలు, పెళ్లిళ్ల ముహూర్తాలు సరేసరి. వీటిని లెక్కలోకి తీసుకోని కార్యక్రమ పట్టిక కాగితంమీదే మిగులుతుంది. వెళ్లిపోతున్న సేవకుని నుంచి తాళాలు, చిట్టాలు తీసుకున్నట్టే అతనికి తెలిసిన ఇళ్ల పేర్లు, ఎవరితో ఎలా మాట్లాడాలన్న సంగతులు కూడా తరువాతివారు పక్కన కూర్చొని రాసుకోవాలి. ఒక నెల ఇద్దరూ కలిసి పనిచేస్తే చాలు.

సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల నుంచి ఊరికి వచ్చేవారిని సంస్థలు చందాల కోసమే కలుస్తున్నాయి. లెక్కల పుస్తకం చూసిపెట్టగల ఆడిటరు, వారానికొక రాత్రి వీడియోలో ఆంగ్లం చెప్పగల ఇంజనీరు, పాత గ్రంథాలయపు పుస్తకాల జాబితాను కంప్యూటర్లో ఎక్కించగల గృహిణి వారిలో ఉన్నారు. కనుమ మరునాడు బండెక్కేలోగా వారికి చిన్న పని, దానికొక గడువు, ఊళ్లో మాట్లాడవలసిన ఒక మనిషి ఫోను నంబరు రాసి ఇచ్చే సంస్థకు, ఉగాదినాటికి ఆ పని ఎంతవరకు వచ్చిందో అడగడానికి వీలుంటుంది.